కుదరదు అనే మాట

మూడో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 3

మేనకోడలా,

నువ్వు అబద్ధం చెబుతున్నావు. ఇది చదువుతూ "నేనా?" అని గుండె మీద చెయ్యి పెట్టుకోకు, నిన్నే అంటున్నాను. ఎవరి పొట్టా కొట్టకుండా బతుకుతున్నాం, మంచి బట్ట కుట్టించి మంచి మనసుతో అమ్ముతున్నాం, మంచి మనసుతో కొని తొడుక్కుంటున్నాం అనుకునే మీ అందరినీ అంటున్నాను. చెడ్డవాడి అబద్ధాన్ని ఎవరైనా పట్టుకుంటారు. మంచివాళ్ళ అబద్ధం ఇస్త్రీ చేసి వస్తుంది, ముడత కనబడదు.

నువ్వు పంపిన పార్సిల్ నిన్న అందింది. ముందు చొక్కా సంగతి. ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీలో మిషను తొక్కినదాన్ని, చొక్కా చేతికొస్తే ముందు తిరగేసి చూస్తాను. చూశాను. చంక దగ్గర అంచుని రెండుసార్లు లోపలికి మడిచి కుట్టించావు. ఒక్క దారప్పోగు బయటికి రాలేదు. ఆ మందపాటి నేతబట్టకి అలాంటి మడత వెయ్యడం మాటలు కాదు. ఇరవై ఏళ్ళు తొడిగినా చిరగదు. నీకు పని తెలుసు. పొగడ్త అయిపోయింది.

ఇక జేబులో పెట్టిన కాగితం. "ఈ చొక్కా వెనక కంపెనీ లేదు, ఒక కుటుంబం ఉంది" అని అచ్చేయించావు. అక్కడ నా ఒళ్ళు మండింది. కుటుంబం అంటే ఏమిటో నీకు తెలియదా? మీ అమ్మకి ఎన్నిటికి పని మొదలు, ఎన్నిటికి ఆఖరు? జ్వరమొస్తే సెలవు ఎవరిని అడగాలి? మీ అమ్మ ఎప్పుడైనా "ఈ పని నాది కాదు" అన్నదా? అంటే మీ నాన్న ముఖం ఎలా పెట్టేవాడు? కుటుంబంలో చాకిరీకి ప్రేమ అని పేరు. ఆ పేరు పట్టుకెళ్ళి కుట్టుగదికి తగిలించావు, పైగా దాన్ని నీతి అంటున్నావు.

మూడు ప్రశ్నలు. నాకు పంపిన చొక్కాకి చేతులు కుట్టింది ఎవరు? ఆమె ఎన్నింటికి ఇంటికి వెళుతుంది? వాళ్ళు నిన్ను ఏమని పిలుస్తారు?

మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ మేనకోడలు కంపెనీ పెట్టింది, ఇప్పుడు దాని గేటు ముందు సమ్మె టెంటు వేస్తావా?" అని ఒకటే నవ్వు. వాడికి టెంటు ఎంత బరువుంటుందో తెలియదు. నువ్వు మాత్రం ఫోన్ చెయ్యకు. ఫోన్లో నేను మాట్లాడుతుంటే నువ్వు ఊఁ కొడతావు. కాగితం మీద ఊఁ కొట్టడం కుదరదు.

అత్త

*

కుట్టుగది, సైకిల్ షాపు పైన
ఫిబ్రవరి 12

అత్తా,

చొక్కా కొలత సరిపోయిందో లేదో ఒక్క ముక్క రాయలేదు. భుజం దగ్గర బిగుతుగా ఉంటుందని భయపడ్డాను.

నువ్వు మా గది చూడలేదు, చూడకుండానే శిక్ష వేశావు. మెట్లెక్కి రాగానే కుడివైపు రెండు పెద్ద కిటికీలు. వెలుతురు చూసే ఈ గది తీసుకున్నాను. కిందనుంచి సైకిళ్ళ గంటలు పరీక్షించే చప్పుడు రోజంతా వస్తూనే ఉంటుంది. మూడు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక ఇస్త్రీ బల్ల. మగ్గాల వాళ్ళ దగ్గర మిగిలిపోయిన బట్ట తప్ప కొత్తది కొనను. కత్తిరింపు ముక్కలు కూడా పారెయ్యం, సంచులవుతాయి. రంగు వేసేది ఎవరో, ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో నాకు తెలుసు. డిజైన్ చదివినవాళ్ళం ముప్పైమందిమి, ఇలా మొదలుపెట్టింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు నువ్వు ఒళ్ళు మండించుకోవాల్సిన చోట్లే ఉద్యోగాలు చేస్తున్నారు, వాళ్ళకి రాయొచ్చు కదా ఉత్తరాలు.

నీ ప్రశ్నలకి జవాబులు. మా దగ్గర నలుగురు. వాళ్ళకి పేర్లు వాళ్ళే పెట్టుకున్నారు: కాలరు, చేతులు, కాజాలు, ఇస్త్రీ. ఎవరు ఏం కుడితే అదే పేరు. "చేతులు ఇంకా రాలేదేమే" అని కాలరు అడిగితే కాజాలావిడ రెండు చేతులూ చూపించి "నావి వచ్చాయి" అంటుంది. రోజూ ఇదే జోకు, రోజూ నవ్వుతారు. నీ చొక్కాకి చేతులు కుట్టింది చేతులావిడే. చంక దగ్గర ఆ మడత ఆమె తప్ప ఎవరూ వెయ్యలేరు. మా లేబుల్ అంటే ఆ మడతే. కొన్నవాళ్ళు అందరికీ తిప్పి చూపిస్తున్నారు.

పని అయ్యాక వెళతారు. మా దగ్గర గంట లేదు, హాజరు పుస్తకం లేదు. మధ్యాహ్నం అందరం కింద చాప వేసుకుని కలిసి తింటాం. నన్ను అక్కా అంటారు. కాజాలావిడకి యాభై నాలుగేళ్ళు, ఆవిడా అక్కా అంటుంది. నేను పిలవమనలేదు. మేడమ్ అంటే నాకే ఏదోలా ఉంటుంది.

ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించు.

నీ మేనకోడలు

*

మూడో అంతస్తు, వెనక గది
ఫిబ్రవరి 20

మేనకోడలా,

భుజం సరిపోయింది. ఇప్పుడు అబద్ధం చూపిస్తాను.

గంట లేదని గొప్పగా రాశావు. మా ఫ్యాక్టరీలో గంట మా చుట్టం. అది మోగాక మమ్మల్ని కూర్చోబెట్టాలంటే ఎవరో ఒకరు వచ్చి నోరు తెరిచి అడగాలి. గంట లేని చోట ఎవరూ అడగక్కర్లేదు. "పని అయ్యాక" అన్నావే, పని ఎప్పుడైనా అవుతుందా?

నా లైనుకి ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. మంచివాడు. వెటకారం కాదు, నిజంగానే మంచివాడు. అందరి పిల్లల పేర్లూ గుర్తుపెట్టుకునేవాడు, ఎవరైనా దగ్గితే జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చేవాడు. అందరం అన్నయ్యా అనేవాళ్ళం. సాయంత్రం ఐదింటికి లైను చివర నిలబడి, "అమ్మా, ఈ ఒక్కరోజు అన్నయ్య కోసం" అనేవాడు. ఆరేళ్ళు ఆ ఒక్కరోజు అవలేదు. తిట్టేవాడికి ఎదురుతిరగొచ్చు. అన్నయ్యకి ఎలా తిరుగుతావు?

సంఘం పెట్టాక మేం చేసిన మొదటి తీర్మానం ఏమిటో తెలుసా? సమ్మె కాదు. రేపటినుంచి ఆయన్ని "సూపర్‌వైజర్ గారూ" అని పిలవాలి. అంతే. కొంతమంది పకపకా నవ్వారు. అలవాటైన నాలుక, రోజుకి పదిసార్లు జారేది. జారినవాళ్ళు సంఘం బ్యానరుకి అంచు కుట్టాలని శిక్ష పెట్టుకున్నాం. ఆ నెల బ్యానరుకి నాలుగు వరసల అంచు పడింది.

మొదటిరోజు సాయంత్రం ఆయన వచ్చి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. నా పక్క మిషను ఆవిడ తలెత్తి, "ఎన్ని గంటలు ఉండాలి సూపర్‌వైజర్ గారూ?" అంది. ఆయన, "నేనేం తప్పు చేశానమ్మా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. మాకూ కష్టంగానే ఉంది. ఐదున్నరకి లేచి వచ్చేశాం.

ఇప్పుడు నీకు ఒకటే ప్రశ్న, మూడు కాదు. ఆ గదిలో ఎవరైనా నీతో "కుదరదు" అన్న చివరిరోజు ఏది? తారీఖు రాయి.

అత్త

*

కుట్టుగది
మార్చి 9

అత్తా,

తీరిక లేదు. ఒక పెద్ద షాపు నూట ఇరవై చొక్కాలు అడిగింది. ఏప్రిల్ పదిహేనుకి ఇవ్వాలి. ఈ ఏడాదికి మాకు ఇంతకంటే పెద్దది రాదు. ఇది నిలబెట్టుకుంటే గది నిలబడుతుంది, నలుగురి పనీ నిలబడుతుంది.

సాయంత్రాలు ఉండమని నేను అడగలేదు. వాళ్ళే ఉంటామన్నారు. ఇది కూడా తప్పేనా?

తారీఖు గుర్తు లేదు.

నీ మేనకోడలు

*

మూడో అంతస్తు, వెనక గది
మార్చి 14

మేనకోడలా,

నువ్వు పంపింది ఉత్తరం కాదు, రసీదు.

గుర్తు లేకపోతే లేదని రాయి. నెల రోజులుగా నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారి కూడా కుదరదనని గది ఎక్కడైనా ఉందా? మా ఇంట్లో కుళాయి కూడా వారానికోసారి కుదరదంటుంది.

"వాళ్ళే ఉంటామన్నారు" అన్న మాట నేను ఇరవై రెండేళ్ళు విన్నాను. అది అన్నవాళ్ళు ఎప్పుడూ మిషను వైపు కూర్చుని లేరు.

అత్త

*

కుట్టుగది
మార్చి 28

అత్తా,

నిన్నటినుంచి మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది పంపేస్తాను.

రెండు వారాల కిందట చొక్కాలు సరిచూస్తుంటే చంక కుట్లు వంకర పోతున్నాయి. ముందు రెండు, తర్వాత ఐదు, మొత్తం పదకొండు. నాకు కోపం రాలేదు. కోప్పడే యజమానిని కాకూడదనే కదా ఇదంతా మొదలుపెట్టాను. ఎవరూ లేనప్పుడు ఆ పదకొండింటికీ కుట్లు నేనే విప్పి, చేతులావిడ బుట్టలో పెట్టేశాను. ఒక్క మాట అనలేదు. నలుగురిలో ఆమెను చిన్నబుచ్చకూడదనుకున్నాను. మర్నాటికి పదకొండూ సరిగ్గా కుట్టి ఉన్నాయి. ఆమె కూడా ఒక్క మాట అనలేదు. మా ఇద్దరికీ ఎంత బాగా అర్థమైపోయిందో అని మురిసిపోయాను కూడా.

నిన్న ఆమె కత్తెర అందుకోబోయి జారవిడిచింది. వంగి తీసుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. నేను దగ్గరికి వెళ్ళేసరికి చెయ్యి వెనక్కి దాచుకుంది, చిన్నపిల్లలా. చీర మీద వేసుకున్న చొక్కా చెయ్యి పైకి జరిపి చూశాను. మణికట్టు చుట్టూ కత్తిరింపు ముక్కలు గట్టిగా చుట్టి ఉన్నాయి. మా సంచుల కోసం దాచిన ముక్కలు. విప్పితే బొటనవేలి మొదలు వాచి గుండీలా లేచి ఉంది. మూడు వారాలుగా అలాగే ఉందట. ఆ మడత వేసేటప్పుడు మందపాటి బట్టని బొటనవేలితో అదిమి తోస్తూ ఉండాలి, చొక్కాకి రెండు చంకలు, ఒక్కోదానికి రెండు మడతలు. రెండో మడత దగ్గర ప్రాణం పోయేదట. కాలరుకి తెలుసు. కాజాలావిడకి తెలుసు. ఇస్త్రీ ఆవిడ రోజూ ఇస్త్రీపెట్టెతో కాపడం పెట్టేదట. నాకు తప్ప గదిలో అందరికీ తెలుసు. నేను విప్పిన పదకొండింటినీ ఆ చేత్తోనే మళ్ళీ కుట్టింది.

నాతో ఒక్కమాట ఎందుకు చెప్పలేదని అడిగాను. నావైపు చూడలేదు. కింద సైకిళ్ళ గంటలు మోగుతున్నాయి.

"అక్క కష్టంలో ఉంటే ఎలా చెబుతాం?" అంది. విప్పిన ముక్కలు మళ్ళీ చుట్టుకుంటూ, "మేడమ్ అయితే చెప్పేదాన్ని," అంది.

డాక్టరు ఆరు వారాలు మిషను ముట్టుకోవద్దన్నారు. నరం మీద వాపు, తర్వాత కూడా పాత పట్టు వస్తుందో రాదో అప్పుడే చెప్పలేమన్నారు. అరవై నాలుగు చొక్కాలు అయ్యాయి. ఇంకా యాభై ఆరున్నాయి. పద్దెనిమిది రోజులు. ఆ మడత ఇంకెవరికీ రాదు.

నువ్వు అడిగిన తారీఖు లేదు అత్తా. ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు నన్ను ఏం చెయ్యమంటావు? ముందే చెప్పానని మాత్రం నువ్వు రాయకు.

*

మూడో అంతస్తు, వెనక గది
ఏప్రిల్ 2

అమ్మడూ,

రాయను. రాసే అర్హత నాకు లేదని మొన్న నీ ఉత్తరం చదివాక తెలిసింది.

సూపర్‌వైజరు కథ నీకు ఎంతో దర్జాగా రాశాను. దాని తర్వాతి సగం దాచాను. ఆయన్ని అన్నయ్యా అనడం మానేసిన ఆడవాళ్ళందరూ నన్ను అక్కా అనడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. హాయిగా ఉండేది.

పెద్ద సమ్మె పంతొమ్మిదో రోజు. "ఎన్ని గంటలు సూపర్‌వైజర్ గారూ" అని అడిగిందే, నా పక్క మిషను ఆవిడ, ఆమె టెంటు దగ్గరికి వచ్చి నా ముందు నిలబడింది. ఏమిటన్నాను. "ఏం లేదక్కా" అని వెళ్ళిపోయింది. మర్నాడు వెనక గేటులోంచి పనికి వెళ్ళింది. నేను మైకు తీసుకుని, పేరు పెట్టి, ద్రోహి అన్నాను. పదకొండేళ్ళయింది. ఆవిడ మా పక్కవీధిలోనే ఉంటుంది. కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే ఇద్దరం వంకాయలకేసి చూస్తాం.

నీ ఉత్తరం చదివి ఆవిడ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా, "ఇన్నాళ్ళకి ఏం పనిపడింది?" అంది. ఆ రోజు నాతో ఏం చెబుదామని వచ్చావని అడిగాను. గుర్తు లేదంటుందనుకున్నాను. తడుముకోలేదు.

"నా వల్ల కావట్లేదని చెబుదామని వచ్చాను. చెబితే నువ్వు తిట్టవు. అర్థం చేసుకుంటావు. అర్థం చేసుకుని ఇంకో రెండు రోజులు ఉండమంటావు. అదే భయమేసింది."

టీ ఇచ్చింది. క్షమించానని ఆవిడ అనలేదు, నేను అడగలేదు. ఇంటికొచ్చి నాలుగు పేజీల మా సంఘం పత్రికకి వ్యాసం రాద్దామని కూర్చున్నాను. ఎవరి మీద కోపంతో రాయాలో తోచక పెన్ను మూసేశాను. నా జీవితంలో ఇదే మొదటిసారి.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు చెడ్డదానివైతే పని సులువు, నిన్ను మార్చక్కర్లేదు, ఎదిరిస్తే చాలు. నువ్వు మంచిదానివి, అదే వచ్చిన చిక్కు. కాబట్టి నీ మంచితనం అక్కర్లేని ఏర్పాటు ఒకటి గదిలో ఉండాలి. నీ మూడ్ బాగోనిరోజు కూడా, నువ్వు కష్టంలో ఉన్నరోజు కూడా ఆమె "నొప్పి" అని చెప్పగలిగే ఏర్పాటు.

షాపువాళ్ళకి ఇవాళే నిజం చెప్పు. ఆర్డరు పోతే పోతుంది. పోకూడదని నాకూ ఉంది, కానీ ఆ చేతికంటే అది ఎక్కువ కాదు. జేబులో కాగితం తీసెయ్. వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఏడవకు. నువ్వు ఏడిస్తే వాళ్ళు నిన్ను ఓదార్చాలి, అది కూడా ఓవర్‌టైమే. ఇకనుంచి అక్కా అనొద్దని హుకుం కూడా జారీ చెయ్యకు. సూపర్‌వైజరు పిలుపు మార్చింది మా తీర్మానం, ఆయన దయ కాదు. నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. కాగితాలు, పెన్నులు బల్ల మీద పెట్టి, గదిలోంచి బయటికి నడువు. వాళ్ళు పిలిచేదాకా మెట్లెక్కకు.

అత్త

*

కుట్టుగది
ఏప్రిల్ 11

అత్తా,

షాపుకి వెళ్ళి చెప్పాను. అయిన అరవై నాలుగూ తీసుకున్నారు. మిగతావాటికి ఆగడం కుదరదన్నారు, మర్యాదగానే. ఆ మాట విని బయటికొచ్చాక నాకు తోచింది, ఎవరైనా నాతో కుదరదంటే నేనేమీ చచ్చిపోను. అద్దెకి ఇబ్బందే. నాన్నని అడిగాను. టెంటు జోకు మళ్ళీ వేసి ఇచ్చాడు.

నువ్వు చెప్పినట్టే కాగితాలు పెట్టి కిందికి వచ్చేశాను. చేతులావిడని కూడా పిలిపించాను, కుట్టడానికి కాదని ముందే చెప్పి. నేను వెళుతుంటే నలుగురూ నావైపు బిక్కమొహాలు వేసుకుని చూశారు. ఒక గంటలో అయిపోతుందనుకున్నాను. సైకిల్ షాపతను స్టూలు వేశాడు. పదింటికి కూర్చున్నదాన్ని, మధ్యాహ్నం మూడున్నరకి పిలిచారు. మధ్యలో పైనుంచి పెద్దగా పోట్లాట వినబడింది, తర్వాత చాలాసేపు నవ్వులు. నేనున్నప్పుడు వాళ్ళు అలా పోట్లాడుకోగా ఎప్పుడూ వినలేదు. అలా నవ్వగా కూడా.

రాసింది కాలరు. చేతివ్రాత ఆమె కుట్టులాగే నిటారుగా ఉంటుంది. నకలు కింద రాస్తున్నాను, ఒక్క అక్షరం మార్చలేదు. నాలుగోది చదివినప్పుడు, ఆ మడత తీసేస్తే నాదంటూ ఏం మిగిలిందనిపించింది. నిన్న కాగితం మీద కొత్త చంక గీశాను. బాగాలేదు. ఇవాళ కాలరుని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ గీస్తాను, ఆమె ఒప్పుకుంటే.

నీ మేనకోడలు

కుట్టుగది యజమాని గారికి, నలుగురం కలిసి అడుగుతున్నవి:

1. పని తొమ్మిదిన్నరకి మొదలు, ఐదున్నరకి ఆఖరు. ఆపైన ఉండాలంటే ముందురోజే అడగాలి. ఒక్కొక్కరిని విడిగా అడగాలి. అందరి ముందూ అడిగితే కాదనలేం.

2. కొత్త ఆర్డరు ఒప్పుకునే ముందు ఎన్నిరోజులు పడుతుందో మేం చెబుతాం. గడువు మీరు, షాపువాళ్ళు మాట్లాడుకుని వచ్చి మాకు చెప్పకూడదు.

3. కుట్టు తప్పితే ఎవరిదో వాళ్ళ చేతికిచ్చి, తప్పేమిటో నోటితో చెప్పాలి. బుట్టలో పెట్టి వెళ్ళిపోకూడదు. తిట్టినా పరవాలేదు.

4. చంక దగ్గర రెండో మడత తీసెయ్యాలి. ఒక్క మడతతో కూడా గట్టిగానే ఉంటుంది. చొక్కా ఇరవై ఏళ్ళు ఉండాలంటే కుట్టే చెయ్యి కూడా ఉండాలి.

5. ఇస్త్రీ బల్ల జానెడు ఎత్తు పెంచాలి.

6. వారంలో రెండురోజులు మధ్యాహ్నం మేం నలుగురమే కూర్చుని తింటాం. మీ మీద కోపం కాదు.

7. చేతులావిడకి నయమయ్యేదాకా జీతం ఆగకూడదు. ఆమె మిషను మీద ఇంకొకరిని కూర్చోబెట్టకూడదు. పాత పట్టు రాకపోతే ఆమె చెయ్యగలిగే పని ఇక్కడే చూపించాలి.

8. వీటిలో ఏవి ఒప్పుకుంటారో, ఏవి కుదరవో కాగితం మీద రాసి, సంతకం పెట్టి, శనివారం లోపల ఇవ్వాలి.